ఫిలే. 17

శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర. సంవత్సరం తొంభై తొమ్మిది, ఎండలు ముదిరిన నెల. గడియారం చూసి రాసిపెట్టుకున్నది కాదు. ఉస్తాద్ జుమ్మా నమాజు ముగించుకొని వచ్చి, దుకాణం తాళం తీసి, టోపీ మడిచి జేబులో పెట్టుకునే వేళ మాకు ప్రతి వారం రెండున్నరే. సరిగ్గా ఆ వేళకే నర్సమ్మ మా మెట్టెక్కింది.

దుకాణం మదీనాగూడలో, బొంబాయి రోడ్డు మీద ఉండేది. బోర్డులు రాసే దుకాణం. ఇది చదివే పిల్లల్లో చాలామందికి బోర్డు అంటే మిషను అచ్చు కొట్టి ఇచ్చేదే తెలుసు. మాకు బోర్డు అంటే రేకు, దాని మీద తెల్ల ఎనామిల్ పూత, అది ఆరాక సుద్ద దారంతో కొట్టిన గీత, ఆ గీత మీద చేత్తో రాసిన అక్షరం. అప్పట్లో మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్నారు. ఆ మేడల పేరు చెప్పుకొని మా దాకా ఉన్న ఖాళీ జాగా అంతా ప్లాట్లయింది. ప్రతి ప్లాటుకూ ఒక బోర్డు. మా ఇళ్లలో పొయ్యి ఆ బోర్డులతోనే వెలిగింది.

యజమాని ఉస్తాద్. అరవై దాటిన మనిషి. ఉర్దూ రాయడంలో ఆయన చేతికి ఎదురు లేదు. తెలుగు మాట్లాడేవాడు, తెలుగు అక్షరంలో వంకర ఎక్కడుందో ఇంత దూరం నుంచే చూపించేవాడు, కానీ చదవడం రాదు. ఇంగ్లీషు బోర్డులు రాసేవాడు భీమవరం వైపు నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల మనిషి, ఇంటర్ దాకా చదివినవాడు. అతన్ని మేము ‘ఇంగ్లీషు’ అనే పిలిచేవాళ్లం. తెలుగు రాసేవాడి పేరు ‘తలకట్టు’. అక్షరం నెత్తిన తలకట్టు పెట్టేటప్పుడు అతని బ్రష్షు ఒక్కసారే తగిలి లేచేది, రెండోసారి దిద్దే పని ఉండేది కాదు. పేరు పెట్టింది ఉస్తాదే. నేను రంగు నింపేవాడిని. వాళ్లు అంచు గీస్తే నేను లోపల నింపాలి. అంతే నా ఉద్యోగం.

అంతకుముందు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించాను. ఊపిరి ఆడక మానేసి ఇటు వచ్చాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. సిగ్గుపడుతూ చెప్పడం లేదు, గొప్పగానూ చెప్పడం లేదు. రాదు, అంతే.

ఒకరోజు తలకట్టు నా పక్కన కూర్చొని అడిగాడు.

“అన్నా, నువ్వు నింపుతున్నది ఏందో ఎరికేనా?”

“ఎర్రరంగు.”

అతను నవ్వలేదు. ఆ రోజు నుంచి నేను నింపిన ప్రతి అక్షరం పేరూ నాతో చెప్పించేవాడు. చెప్పకపోతే తరువాతి అక్షరం గీసేవాడు కాదు. పిల్లలు ‘అ’తో మొదలుపెడతారు. నేను ‘ప్లా’తో మొదలుపెట్టాను, ప్లాట్ల బోర్డులే ఎక్కువ కనక. పెళ్లీడుకొచ్చిన కూతురున్న వయసులో చదవడం వచ్చింది. ఒక్క చిక్కు మాత్రం ఎంతకూ పోలేదు. గుడికీ ఏత్వానికీ తేడా పట్టేది కాదు. రెండూ అక్షరం నెత్తిమీదే కూర్చుంటాయి, నా కంటికి రెండూ ఒకటే.

ఉస్తాద్ దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. “మతలబ్ తెల్వకుండ బ్రష్ పెట్టొద్దు.” వయసులో ఉండగా ఎవడో ఇచ్చిన కాగితం చూసి ఒక పెద్దమనిషి ప్రహరీ గోడ మీద తెలుగులో బూతు తిట్టు రాసేశాడట. “ఎంత సక్కగ రాసిన్ననుకున్నవ్, తుడిపెయ్యనీకి ఆళ్లకే మనసు రాలే” అని తనే చెప్పి నవ్వేవాడు. అప్పటి నుంచి ఏ బోర్డైనా సరే, ఎవరో ఒకరు ముందు చదివి, అర్థం చెప్పాకే సుద్ద దారం తీసేవాడు. ‘ఇచట మూత్రము పోయరాదు’ అన్నా సరే, అర్థం చెప్పాల్సిందే.

ఇక తలకట్టు సంగతి. ఆ శుక్రవారానికి ముందటి చలికాలం మాకు మాదాపూర్‌లో ఒక కొత్త కంపెనీ మేడ పని దొరికింది. బయటి పెద్ద బోర్డు నచ్చితే లోపల ప్రతి అంతస్తు బోర్డులూ మాకే అన్నారు. అంత పెద్ద పని మా దుకాణం ఎన్నడూ చూడలేదు. తెల్లవారితే ప్రారంభోత్సవం. సాయంత్రం తలకట్టు పరంజా మీద ఆఖరి అక్షరం ముగిస్తుండగా ఎర్రరంగు డబ్బా జారింది. కింద కొత్తగా పరిచిన గ్రానైటు మెట్లు. పైనుంచి కింది మెట్టు దాకా పారింది రంగు.

మేనేజరు వచ్చాడు. ఏమన్నాడో రాయను, రాయదగిన మాటలు కావు. ఉస్తాద్ తల ఎత్తి పరంజా వైపు చూసేసరికి తలకట్టు లేడు. పరంజా కింద విడిచిన చెప్పులున్నాయి, మనిషి లేడు. ఉస్తాద్ లుంగీ పైకి కట్టి, మోకాళ్ల మీద కూర్చొని, టర్పెంటైనులో గుడ్డ ముంచి ఆ మెట్లు రుద్దాడు. నన్నూ ఇంగ్లీషునూ ముట్టనివ్వలేదు. కంపెనీ పిల్లలు మెడలో గుర్తింపు బిళ్లలు వేసుకొని ఆయన పక్క నుంచే దిగి వెళ్లారు. లోపలి బోర్డుల పని కంప్యూటరుతో స్టిక్కర్లు కోసేవాళ్లకు పోయింది.

చెప్పులు నేను తెచ్చి దుకాణంలో బల్ల కింద పెట్టాను. పారేయమని ఉస్తాద్ అనలేదు. తలకట్టు పేరు ఎత్తితే మాత్రం ఒక్కటే మాట.

“రంగు పడ్డదని కాదు. గట్ల అందరికీ పడుతది. నన్నొక్కడ్నే ఇడిసి పోయిండు. వాడు మల్ల గీ మెట్టెక్కితే నేను దిగుత.”

ఉస్తాద్ మాటంటే మాట. ఆ నెలల్లో తెలుగు బోర్డులు నేనూ ఇంగ్లీషూ కిందామీదా పడి రాసేవాళ్లం. ఉస్తాద్ వాటిని చూసి మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఇప్పుడు శుక్రవారానికి వస్తాను.

నర్సమ్మ మాకు తెలిసిన మనిషే. గుంటూరు వైపు క్రైస్తవుల ఇంటి ఆడపడుచు, మా రోడ్డు మీది దవాఖానలో పెద్ద నర్సు. ‘చెప్పులు బయట విడువుడు’, ‘నిశ్శబ్దము’ లాంటి ఆ దవాఖాన బోర్డులన్నీ మేము రాసినవే. ఆదివారాలు ఒక కిరాణా దుకాణం మీది గది కిరాయికి తీసుకొని ప్రార్థన నడిపేది. నర్సులు, టీచర్లు, ఇద్దరు ముగ్గురు కంప్యూటరు పిల్లలు వచ్చేవాళ్లు.

“ప్రార్థన గదికి బోర్డు కావాలండి. చిన్నదే” అని ఒక చీటీ ఇచ్చింది.

చీటీ మీద ఇంతే ఉంది: ఫిలే. 17.

ఇంగ్లీషు తొంగిచూశాడు. “ప్లాట్ నంబరాండి? ఫిలే అంటే ఏ వెంచరు? తెల్లాపూర్ వైపా?”

“ప్లాటు కాదు బాబూ. అది పత్రిక.”

“ఏం పత్రికమ్మా?” అన్నాడు ఉస్తాద్. “షాదీదా, రోజొచ్చే పేపరా?”

“రెండూ కాదండి. పాత పత్రిక. చాలా పాతది.”

“పాత పేపర్లయితే మాకు శానా గావాలె. బ్రష్‌లు తుడువనీకి.”

నర్సమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే సంచిలో నుంచి నల్ల అట్ట బైబిలు తీసి బల్ల మీద పెట్టింది. “ఆరింటికి వస్తానండి. మీ దుకాణంలో అర్థం తెలియనిది రాయరట కదా. అందుకని పుస్తకం కూడా తెచ్చాను.”

“గా మాట మీకెవరు జెప్పిన్రు?”

“విన్నానండి” అని దిగి వెళ్లిపోయింది.

ఉస్తాద్ పుస్తకం నా వైపు తోశాడు. తెలుగు చదవడం అప్పటికి నా పనే అయింది. ముందు పేజీలో వరుసగా పేర్లున్నాయి. చాలావాటి చివర ‘వ్రాసిన పత్రిక’ అని ఉంది. అప్పుడు అర్థమైంది, వీళ్లు పత్రిక అనేది ఉత్తరాన్ని. ఒక్కో ఉత్తరానికి అది ఏ ఊరివాళ్లకు వెళ్లిందో, ఏ మనిషికి వెళ్లిందో ఆ పేరే పెట్టారు. వేలు పెట్టుకుంటూ వెతికి ‘ఫిలిప్పీయులకు’ అన్నదాన్ని పట్టుకున్నాను. తిప్పితే నాలుగే అధ్యాయాలు.

“ఉస్తాద్, నర్సమ్మ గలత్ రాసింది. నాలుగే ఉన్నయి. పదిహేడు లేదు.”

“ఆమె గలత్ రాస్తదా? ఆమె చేతిల గలతయితే మనిషి పోతడు. మల్ల జూడు.”

మళ్లీ చూశాను. నాలుగే. ఇంగ్లీషు వచ్చి నా భుజం మీంచి వంగాడు.

“అన్నా, నీకు గుడీ ఏత్వం ఇంకా కలిసిపోతున్నాయా? చీటీలో ఉన్నది ‘లి’ కాదు, ‘లే’. నువ్వు వేరేవాళ్ల ఇంటికెళ్లి తలుపు కొడుతున్నావు.”

“నీ ఇంగ్లీషుల గివి లెవ్వు గద. నీకేం ఎరిక నా బాధ.”

అతనే వెతికి పెట్టాడు. ‘ఫిలేమోనుకు’. ఒక్క ఆకు. ముందూ వెనకా కలిపితే ఒక కరపత్రమంత. దాంట్లో అధ్యాయాలే లేవు, ఉన్నది ఒక్కటే. పదిహేడు అంటే పదిహేడో వాక్యమన్నమాట. అది చదివాను. నన్ను నీ జతగాడిగా అనుకుంటే, నన్ను ఎట్లా చేర్చుకుంటావో అతన్నీ అట్లాగే చేర్చుకో అని ఉంది దాంట్లో.

“ఎవన్ని?” అన్నాడు ఉస్తాద్. “నడిమిట్ల నుంచి జదివితే మతలబ్ ఎట్ల తెలుస్తది? మొదటి నుంచి జదువు.”

నా చదువు అప్పుడు ఎడ్లబండి. ఒక్కో మాటా విడదీసి, మళ్లీ కలిపి, వెనక్కి వెళ్లి, ముందుకు వచ్చి చదివాను. ఉస్తాద్ బ్రష్షు తుడుస్తూ వింటున్నాడు. ఇది ఎప్పటిదో చాలా పాత ఉత్తరం. రాసిన పౌలు జైల్లో ఉన్నాడు, ముసలివాడు. ఒక యజమానికి రాస్తున్నాడు. ఆ యజమాని దగ్గరి దాసుడొకడు ఎట్లాగో ఇల్లు విడిచి పౌలు దగ్గరికి చేరాడు. అతన్ని వెనక్కి పంపుతూ చేతికిచ్చిన ఉత్తరమిది. అతను ఇదివరకు నీకు పనికిరానివాడు, ఇప్పుడు నీకూ నాకూ పనికొచ్చేవాడు అంటాడు. నా దగ్గరే ఉంచుకోవాలనుంది కానీ నువ్వు ఒప్పుకోకుండా ఉంచుకోను అంటాడు. నీకేమన్నా తప్పు చేసి ఉంటే అది నా మీద వేసుకో అంటాడు.

బ్రష్షు తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఇంగ్లీషు నా వైపు చూశాడు. నేను పుస్తకంలోకే చూస్తున్నాను. బల్ల కింద చెప్పులు మా ముగ్గురికీ కనబడుతూనే ఉన్నాయి.

ఉస్తాద్ బ్రష్షు కింద పెట్టి అడిగాడు. “పోయినోని పేరేంది?”

“ఒనేసిము.”

“యజమానిది?”

“ఫిలేమోను.”

“చిట్టీ అంతా పోయినోని గురించే గద. మరి వాని పేరు పెట్టకుండ గీయన పేరెందుకు పెట్టిన్రు?”

“ఎవరికి రాస్తే ఆళ్ల పేరే పెడతరంట, ఉస్తాద్. అన్నిటికీ గట్లనే ఉంది.”

ఆయన చీటీ తీసి వెలుతురులో పట్టుకున్నాడు. చదవలేని రెండు అక్షరాలు, ఒక చుక్క. “అయితే నర్సమ్మ నా పేరు రాపిచ్చుకొనొచ్చింది” అన్నాడు.

రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

“ఆఖర్కి ఏమాయె? చేర్చుకున్నడా, ఎల్లగొట్టిండా?”

చివరి వాక్యం దాకా చదివాను. అందరికీ దండాలు చెప్పి ఉత్తరం ముగిసింది. వెనక పేజీ తిప్పితే ఇంకెవరికో రాసిన ఇంకో పత్రిక మొదలైంది.

“రాయలేదు ఉస్తాద్. గీడికే అయిపోయింది.”

“జవాబు లేదా?”

“లేదు.”

ఉస్తాద్ లేచి తెల్ల రేకు ఒకటి బల్ల మీద పరిచాడు. సుద్ద దారం ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. రెండు గీతలు కొట్టాడు. నీలం డబ్బా మూత తీశాడు. మళ్లీ మూత పెట్టి, బయట స్టూలు మీద కూర్చున్నాడు. ఆరింటిదాకా అక్కడే ఉన్నాడు. ఇద్దరు గిరాకీలు వస్తే రేపు రమ్మని పంపించేశాడు.

నర్సమ్మ ఆరింటికి వచ్చింది. రేకు మీద రెండు గీతలు తప్ప ఏమీ లేకపోవడం చూసింది.

“బోర్డు కాలేదాండి?”

“చదివినమమ్మా” అన్నాడు ఉస్తాద్. “వాడు పోయినంక నేను మోకాళ్ల మీద కూసున్న. మీరు జూడలే.”

“చూడలేదండి. అతను చెప్పాడు.”

“వాడెట్ల జెప్తడు? వాడు లేడు గద ఆడ.”

“రోడ్డవతల బస్సు షెల్టరు వెనక నిలబడి చూశాడంటండి, మీరు లేచేదాకా. దగ్గరికి రావడానికి మొహం చెల్లలేదంట.”

ఆ మాట మాకూ కొత్తే. ఉస్తాద్ టోపీ జేబులో నుంచి తీశాడు, మళ్లీ మడిచి పెట్టుకున్నాడు.

నర్సమ్మే మళ్లీ అందుకుంది. “జీడిమెట్లలో డ్రమ్ముల మీద నంబర్లు వేసే పనిలో చేరాడండి. చేతులు కాలి మా దవాఖానకొచ్చాడు. కట్టు విప్పాక మా ప్రార్థన గదిలో పాటలన్నీ చార్టుల మీద రాసిపెట్టాడు. కళ్లజోడు లేని ముసలమ్మలు కూడా చదువుకుంటున్నారు. నాకైతే మా దగ్గరే ఉంచేసుకోవాలని ఆశగా ఉందండి. కానీ మీ మనిషి. మీకు చెప్పకుండా ఉంచుకుంటే ఏం బాగుంటుంది?”

“బోర్డు గాలేదమ్మా” అన్నాడు ఉస్తాద్, ఆమె అడిగిన మొదటి మాటకే జవాబు చెబుతున్నట్టు. “ఏత్వం పెట్టేటోడు దుకాణంల లేడు.”

“నేను పెడతా కదండి ఉస్తాద్” అని ఇంగ్లీషు లేవబోయాడు. నేను అతని కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను.

ఉస్తాద్ నర్సమ్మను అడిగాడు. “యాడున్నడు?”

“బయటే అండి. మీ సైకిళ్ల దగ్గర.”

ఆయన గుమ్మం దాకా వెళ్లాడు. వాడు మెట్టెక్కితే నేను దిగుతానన్న మనిషి. గుమ్మంలో ఒక పక్కకు జరిగి నిలబడి, రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

“అరే తలకట్టూ. జర లోపటికి రా. నీ చెప్పులు బల్ల కిందున్నయి.”

అతను వచ్చాడు. చిక్కిపోయాడు. రెండు చేతుల మీదా చర్మం కొత్తగా, గులాబీ రంగులో ఉంది. ఉస్తాద్ ఆ చేతులు అందుకొని తిప్పి చూశాడు. వేళ్లు ముడవమన్నాడు, చాపమన్నాడు. బ్రష్షు పట్టుకునే వేళ్లు బాగానే ఉన్నాయని తేల్చుకున్నాకే వదిలాడు.

“ఉస్తాద్, గా మెట్లు నేను పోయి రుద్దొస్త” అన్నాడు తలకట్టు.

“గిప్పుడు ఆటి మీద తివాచీ పరిసిన్రు. రుద్దనీకి ఏం లేదు. ఏత్వం పెట్టు.”

తలకట్టు నీలం డబ్బా తీశాడు. ‘ఫి’ రాశాడు. ‘ల’ రాసి, ఏత్వం దగ్గర ఆగి నా వైపు చూశాడు. “అన్నా, గిదేంది?”

“ఏత్వం” అన్నాను. “గుడి కాదు.” ఆ తర్వాత ఆ రెండూ నాకు మళ్లీ ఎన్నడూ కలిసిపోలేదు.

ఇంగ్లీషుకు మాత్రం ఇంకా సందేహమే. “మేడమ్, ఒకటి పెట్టి, రెండు చుక్కలు పెట్టి, అప్పుడు పదిహేడు రాయాలి కదండీ? మిగతావాటికి అధ్యాయం నంబరు కూడా ఉంది.”

“ఒక్క గదున్న ఇంట్లో గది నంబరు అడుగుతామా బాబూ” అంది నర్సమ్మ.

నేను ముప్పై ఏళ్లు పనిచేశాను. మంత్రుల పేర్లు నింపాను, కంపెనీల పేర్లు నింపాను. ఒక మనిషిని తిరిగి పనిలో పెట్టించడానికి మరో మనిషి చేసిన ప్రయత్నాల్లో ఇంత తెలివైనది నేను చూడలేదు. నర్సమ్మ బతిమాలలేదు, నీతులు చెప్పలేదు. మా దుకాణం కట్టుబాటు తెలుసుకొని, అదే తలుపు లోంచి లోపలికి వచ్చింది. ఉస్తాద్ అంతకన్నా గొప్పవాడు. వేరే మతం వాళ్ల పుస్తకం, చదవరాని భాష, అందులో తన పేరు తనే పోల్చుకున్నాడు. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వదులుకున్నాడు. ఇప్పటి ఆఫీసుల్లో తప్పు చేసినవాడికి కాగితం చేతికిచ్చి గేటు చూపిస్తారు. పంపించడం ఎవడైనా చేస్తాడు. చేర్చుకోవడానికే కలేజా కావాలి.

తలకట్టు నర్సమ్మ వాళ్ల మతంలో కలిశాడా అని మీరు అడుగుతారు. నాకు తెలియదు, నేను అడగలేదు. ఉస్తాద్ కన్నుమూసేదాకా అతను ఆ దుకాణంలోనే రాశాడు. చివరి ఏళ్లలో మిషను బోర్డులు వచ్చి పని తగ్గినా వెళ్లలేదు. ఆయన సమాధి రాయి మీద ఉర్దూ అక్షరాలు చూసి చూసి గీసింది అతనే. గీసే ముందు ఉస్తాద్ పిల్లలను పిలిచి అర్థం చెప్పించుకున్నాడు.

ఆ పాత ఉత్తరాన్ని ఇప్పటికీ యజమాని పేరుతోనే పిలుస్తున్నారు. చుక్క పెట్టి పొట్టిగా రాసినా అది యజమాని పేరే. ఎవరికి రాస్తే వాళ్ల పేరు పెట్టడం వాళ్ల పద్ధతి, తప్పు పట్టను. ఇది నేను రాస్తున్నది కనక వరుస నా ఇష్టం. ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటికి మదీనాగూడ దుకాణంలో ఉన్నవాళ్లు: మొదట తలకట్టు, తరువాత నర్సమ్మ, కాలు నొప్పితో ఇంగ్లీషు, రంగు నింపడానికి బ్రష్షు పట్టుకొని నేను. చివర ఉస్తాద్. గుమ్మం వదిలి పక్కకు జరిగి నిలబడ్డవాడు అందరూ లోపలికి వచ్చాకే వస్తాడు.